కుజుమి మాస్టారి చెవిలో పడిన కబురు

కుజుమి మాస్టారికి చెప్పిన మాట కుజుమి మాస్టారి దగ్గరే ఉండిపోతుంది. ఆయన గురించి తెలుసుకోవలసిన మొదటి సంగతి ఇదే, చివరి సంగతీ ఇదే. చెవులున్నాయి, వింటాడు. తల ఉంది, ఊపుతాడు. నోరుంది, అందులో అన్నం పెట్టుకుంటాడు. విన్నదాన్ని ఇంకొకరికి అందించడమనే పని మాత్రం ఆయన్ని పుట్టించినవాడు నేర్పడం మర్చిపోయాడు.

ఒకసారి స్టేషన్లో ఆయన బావమరిది ఎదురుపడి, "మా అమ్మాయి పెళ్లి బావగారూ, అక్కకి చెప్పండి" అన్నాడట. మాస్టారు తల ఊపాడట. ఆయన భార్య తమావోకి ఆ పెళ్లి సంగతి తెలిసేసరికి పెళ్లికూతురు రెండో కాన్పుకి పుట్టింటికి వచ్చి ఉంది.

"ఎందుకు చెప్పలేదు?" అని తమావో నిలదీసింది.

"చెప్పాడుగా" అన్నాడు మాస్టారు.

"ఎవరికి?"

"నాకు."

నా పేరు షిగెనో. నాకు చదువు లేదు. బడిలో కూర్చున్న రోజులకంటే పట్టుదారం మిల్లులో నిలబడ్డ రోజులే ఎక్కువ. అయినా ఇది రాస్తున్నాను. ఎందుకంటే, మాస్టారు రిటైరైన రోజున చదువుకున్నవాళ్లు ఆయన గురించి ఒక కాగితం రాసి చదివారు. అందులో ఆయన "మితభాషి" అని ఉంది. మితభాషి అట! ఊరికంతా తాళం వేసి తాళంచెవి మింగి కూర్చున్న మనిషిని పట్టుకుని మితభాషి అంటే నేనెలా ఊరుకుంటాను?

నాకు చదువు లేకపోయినా కన్ను ఉండేది. మా తోయోహాషి ఊరవతల మురోతా వాళ్ల హేచరీలో దీపం ముందు కుర్చీ నాది. చీకటి గదిలో కూర్చుని, పొదిగే పెట్టెలోంచి తీసిన గుడ్డుని దీపానికి ఆనించి చూడాలి. పిల్ల పట్టిన గుడ్డయితే లోపల నల్లటి చుక్క, దాని చుట్టూ ఎర్రటి సన్నదారాలు సాలీడు కాళ్లలా పరుచుకుని ఉంటాయి. వట్టి గుడ్డయితే ఏమీ ఉండదు, చందమామలా ఖాళీగా వెలుగుతుంది. పట్టినవి ఒక ట్రేలో, వట్టివి ఇంకో ట్రేలో. మురోతా తండ్రి నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆయన పోయాడు, నా మొగుడూ పోయాడు, కుర్చీ మిగిలింది. ఊళ్లో ఎవరైనా నాకు వంగి నమస్కారం పెట్టారంటే అది ఆ కుర్చీకే. ఆ సంగతి నాకు తెలుసు. తెలియనట్టు నమస్కారాలు తీసుకునేదాన్ని.

నేను పట్టినవని ఏరిన గుడ్లు కొండ మీద మాస్టారు పనిచేసే పరిశోధనశాలకి వెళ్లేవి. వాటికోసం ఎవరినైనా పంపొచ్చు. కానీ పంపాలంటే వాళ్లకి చెప్పాలి కదా! అందుకని మాస్టారే సైకిలు తొక్కుకుంటూ వచ్చేవాడు.

"ఇన్ని గుడ్లు ఏం చేసుకుంటారు మాస్టారూ?" అని ఒకసారి అడిగాను.

"చూస్తాం."

"నేను చూసేశాగా."

"మీరు చూసిన ఎర్రదారాలనే మేమూ చూస్తాం షిగెనో గారూ. అవి ఎందుకు పెరుగుతాయి, ఎందుకు ఆగుతాయి అని."

ఈ ఒక్క విషయం మీద మాత్రం ఆయన నోరు విప్పేవాడు. రక్తనాళం తనంతట తాను పెరగదట. ఒంట్లో ఎక్కడ ఆకలేస్తే అక్కణ్ణుంచి "ఇటు పెరగండి" అని కబురు వస్తుందట. నాళం గోడలోని కణాల మీద ఆ కబురు అందుకునే చెవుల్లాంటివి ఉంటాయట. వాటిని గ్రాహకాలంటారట. కబురు చెవిలో పడగానే కణం లేచి పెరగడం మొదలెడుతుందట.

"ఆ చెవుల్లో ఒక రకం ఉంది. విన్నది వెంటనే లోపలికి చెప్పేస్తుంది" అన్నాడు మాస్టారు. "ఇంకో రకం ఉంది. అది కబురుని అంతకంటే గట్టిగా పట్టుకుంటుంది. పట్టుకుని..."

"పట్టుకుని?"

"ఊరుకుంటుంది."

"మీరు పనిచేసేది దేని మీద?"

"ఊరుకునేదాని మీద."

అడగడం నాదే బుద్ధితక్కువ.

"అది గోడ వదిలేసి విడిగా కూడా తిరుగుతుంది" అన్నాడు, నేను అడక్కుండానే. "మీ కంటి ముందర అద్దం లాంటి పొర ఉందే, అందులో రక్తనాళం ఒక్కటీ ఉండదు. అందుకే వెలుతురు లోపలికి పోతుంది. అక్కడ కాపలా ఉన్నది ఇదే. వచ్చిన కబురుని వచ్చినట్టు మింగేస్తుంది."

"కాపలా అంటే కర్ర పట్టుకుని అరవాలి గానీ, ఇదేం కాపలా?"

"అరిస్తే అదీ ఒక కబురే కదండీ."

"పోనీ, అది లేకపోతే ఏమవుతుంది?"

"అది లేని ఎలుకపిల్ల తల్లి కడుపులోనే పోతుంది."

"అయ్యో, రక్తం అందకనా?"

"కాదు. దారులు ఎక్కువై. ప్రతి కబురూ ప్రతివాడికీ అందితే అందరూ ఒక్కసారే లేస్తారు. ఏ దారి ఎటు పోతుందో తెలియని గందరగోళమైపోతుంది."

నేను నవ్వాను. నా చేతిలో గుడ్డు ఉంది, నా కుర్చీలో నేనున్నాను, నాకేం తక్కువ?

ఆయనకి మాత్రం అన్నీ తక్కువే. గట్టిగా చెప్పే చెవి మీద పనిచేసినవాళ్లు తమ గురించి తాము గట్టిగా చెప్పుకుని, కిటికీలున్న పెద్దపెద్ద గదుల్లోకి ఎక్కారు. మాస్టారు నేలమాళిగలో, సీసాలు ఉడకబెట్టే యంత్రం పక్కన ఉండిపోయాడు. ఒక సభలో డైరెక్టరు, "కుజుమి గారూ, ఇన్నేళ్లుగా చూస్తున్నారు, మీ గ్రాహకం ఏం చేస్తుందో ఒక్క ముక్కలో చెప్పండి" అన్నాడట. "పెద్దగా ఏమీ చెయ్యదండి" అన్నాడట మాస్టారు. "అచ్చం మీ పోలికే" అన్నాడట డైరెక్టరు. సభంతా నవ్విందట. ఈ సంగతి తమావో చెప్పింది. ఆమెకి ఎవరు చెప్పారో గానీ, మాస్టారు మాత్రం కాదు.

ఇక ఇదంతా జరిగిన ఏడు సంగతికి వస్తాను. వసంతకాలం మొదట్లో మా ఇంటి గుమ్మం వంగింది. వడ్రంగిని పిలిపించాను. వాడు కొలబద్ద ఆనించి, "నిటారుగానే ఉంది మామ్మా" అన్నాడు.

"నీ కొలబద్దే వంకర" అన్నాను.

తర్వాత కరెంటు తీగలు వంగాయి. ఆపైన ట్రాము పట్టాలు వంగాయి. ఊరంతటికీ నాసిరకం పని చేసిపోయారనుకున్నాను. ఒక పొద్దున పళ్లు తోముకుంటూ ఎడమకన్ను మూసి గోడ గడియారం వైపు చూస్తే దాని మధ్యలో ముళ్లు లేవు. కన్ను తెరిచాను, ఉన్నాయి. ఆరోజు నుంచి ఇంట్లో ఎడమకన్ను మూయడం మానేశాను. కన్ను పోతే కుర్చీ పోతుంది. కుర్చీ పోతే నేను కూడా ఎండలో పరుపు బాదుకుంటూ కూర్చునే ఇంకో ముసలిదాన్ని. దానికంటే గడియారం చూడకపోవడం నయం కదా.

దీపం ముందు మాత్రం ఎడమకన్ను మూయక తప్పదు. చేతికి అలవాటున్నట్టే కంటికీ అలవాటుంటుంది. అయితే అక్కడ నా కన్ను ఎంత బాగా పనిచేసిందో! ప్రతి గుడ్డులోనూ చుక్క. దాని చుట్టూ వంకరటింకర గీతలు. గుడ్డు తర్వాత గుడ్డు, అన్నీ ప్రాణమున్నవే. కన్ను బాగానే ఉందనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

"మామ్మా, ఈసారి వట్టి గుడ్డన్నదే లేదే!" అని మురోతా పొంగిపోయాడు.

"కోళ్లకి బుద్ధొచ్చింది. నీకెప్పుడొస్తుందో" అన్నాను. వాణ్ణి ఎత్తుకుని తిప్పినదాన్ని, యజమాని అయినంత మాత్రాన మీరు అంటానా?

ఆ వసంతంలోనే మాస్టారికి పిచ్చి ముదిరింది. గుడ్లు తీసుకున్నాక వెళ్లేవాడు కాదు. నా గది గుమ్మంలో నిలబడి నోరు తెరిచేవాడు, మూసేవాడు, మళ్లీ తెరిచేవాడు. నేను ఎదురుచూసేదాన్ని.

"వాన వచ్చేలా ఉంది" అనేవాడు.

బయట ఎండ మండిపోతూ ఉండేది. ఆయన సైకిలెక్కి పోయేవాడు. ఆ తర్వాతి సారీ అంతే. ఒకసారి మా ఇంటికే వచ్చాడు. టీ ఇచ్చాను. తాగాడు. గుమ్మం వైపు చూశాడు, నా కంటి వైపు చూశాడు, చేతిలో కప్పు వైపు చూశాడు.

"వాన..."

"వచ్చేలా ఉంది. తెలుసు. గొడుగిమ్మంటారా?"

తమావోకి ఇంకో రకం బాధ. "పొద్దున ఆమ్లెట్, రాత్రి ఆమ్లెట్" అని వీధిలో అందరి దగ్గరా మొత్తుకునేది. "రోజూ సంచినిండా గుడ్లు తెస్తున్నారు. బాగా కాలనిచ్చి చెయ్యి అంటారు. ఎక్కడివని అడిగితే 'పరిశోధన' అంటారు. నేను ఏం చెయ్యను, పంచుతున్నా." వీధిలో అందరికీ పళ్లేలు వచ్చాయి. నాకూ వచ్చింది. మా వైపు ఆమ్లెట్‌లో చక్కెర వేసి చుడతారు. బాగా చుట్టింది, కొంచెం తీపి ఎక్కువ. సోయా సాస్ చుక్కేసుకుని తినేశాను.

మా వీధికి పెద్ద కూడా మాస్టారే. ఆ పని ఎవరికీ అక్కర్లేదు కాబట్టి ఏళ్ల తరబడి ఆయన నెత్తినే ఉంది. మునిసిపాలిటీ కబుర్లు ఒక అట్టకి తగిలించి ఇస్తారు. చదివి, ముద్ర వేసి, పక్కింటికి ఇవ్వాలి. అట్ట వీధంతా తిరగాలి. మా అట్ట కుజుమి వారింటికి చేరేది. అక్కడే వృద్ధాప్యం గడిపేది.

వానాకాలం ముందర మురుగుకాలువ తీసే రోజొచ్చింది. ఇంటికొకరు పారతో రావాలి. మాస్టారికి చెప్పారు. మాస్టారు తల ఊపాడు. ఆదివారం పొద్దున్నే బురద ఎత్తుకుపోయే లారీ వచ్చి నిలబడింది. వీధిలో పారతో ఉన్నది ఒక్క మాస్టారే. మేము నిద్ర లేచి తలుపులు తీసేసరికి ఆయన ఒక్కడే కాలువ ఆ చివరినుంచి ఈ చివరిదాకా తీసేశాడు. తీసి, నడుము పట్టేసి, లారీ మెట్టు మీద అలాగే కూర్చుండిపోయాడు. నలుగురం ఆయన్ని మోసుకెళ్లి ఇంట్లో పడుకోబెట్టాం.

లారీ వాళ్ల ముందు పరువు పోయిందని వీధంతా మండిపడింది. సమావేశం పెట్టారు. మాస్టారిని తీసేసి మురోతాని పెద్దని చేశారు. నేనూ చెయ్యెత్తాను. ఎందుకెత్తనూ?

మురోతా ఎలాంటివాడంటే, విన్నది విన్నట్టు, చెప్పినవాళ్ల పేరుతో సహా, ఆ పూటే అందిస్తాడు. మొదటి వారం అందరం మెచ్చుకున్నాం.

రెండో వారం మా గుమ్మంలోకి వచ్చి, "మామ్మా, మీరు పొద్దున్నే పరుపు బాదుతుంటే గుండెలదురుతున్నాయని ఎదురింటావిడ చెప్పమంది" అన్నాడు.

"ఆవిడ స్నానాల గదిలో పాడే పాటకంటే నా పరుపే నయమని చెప్పు."

మాటవరసకి అన్నాను. వాడు వీధి దాటి వెళ్లి చెప్పేశాడు! ఆవిడ నా ఒంటి మీది కోడిపిల్లల వాసన గురించి కబురు పంపింది. నేను ఆవిడ కట్టుడుపళ్ల గురించి పంపాను. మూలింటాయన పళ్లచెట్టు ఆకులు మా వాకిట్లో పడతాయని నేను ఎప్పుడో అన్నమాట కూడా మురోతా చెవిన పడి ఆయనకి చేరింది. ఆయన ఆ ఆకులన్నీ ఊడ్చి, కట్ట కట్టి, రిబ్బను చుట్టి నా గుమ్మంలో పెట్టాడు. ఎవరో ఎవరి కారు మీదో సబ్బునీళ్లు పోశారు. అది మురోతా కారే అని తేలింది. జూలై పండగలో వెదురు బాణసంచా పట్టుకునే మగవాళ్లు ఏటా భుజం భుజం కలిపి నిలబడేవాళ్లు. ఆ ఏడు ఒకరికొకరు వీపు పెట్టి కాల్చారు. నిప్పురవ్వలు సగం ప్రేక్షకుల మీద పడ్డాయి.

ఒకరోజు నేను పరుపు బాదుతూ, ఇంకొంచెం గట్టిగా బాదుతూ, ఆలోచించాను. ఇవేవీ కొత్తగా పుట్టిన మాటలు కావు. ఎదురింటావిడ పాట సంగతి నేను మాస్టారికి ఏళ్లుగా చెబుతున్నాను. ఆవిడా నా పరుపు సంగతి ఏళ్లుగా చెబుతూ ఉండి ఉండాలి. మూలింటాయనా అంతే. అందరం వెళ్లి ఆయన చెవిలో పోసి, చెప్పేశామన్న తృప్తితో ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయాం. మర్నాడు పొద్దున్నే ఒకరికొకరం నవ్వుతూ నమస్కారం పెట్టుకున్నాం. అది మా మంచితనమనుకున్నాం.

ఇంతలో నా వంతు వచ్చింది.

మాస్టారు ఇంకా లేచి తిరగట్లేదు కాబట్టి, గుడ్ల కోసం ఆయన దగ్గర పనిచేసే చిహయా అనే అమ్మాయి వ్యాను వేసుకుని వచ్చింది. నేను గదిలోంచి బయటికి వస్తూనే మురోతా గొంతు వినిపించింది. ప్యాకింగు చేసే ఆడవాళ్లందరూ అక్కడే ఉన్నారు.

"మామ్మా! ఈ అమ్మాయి చెప్పమంటోంది. మీరు పట్టినవని పంపిన గుడ్లలో సగం వట్టివేనట! మార్చి నుంచీ ఇంతేనట!"

"నేను చెప్పమనలేదండీ!" అని ఆ అమ్మాయి ఎర్రబడిపోయింది. "మాస్టారు ఎప్పుడో చెప్పి ఉంటారనుకున్నాను. మొదట్లో వట్టివి వస్తుంటే ఆయనకి చెప్పాం. తర్వాత వట్టివి మానేశాయి గానీ, గుడ్లే సగం వచ్చేవి. ఆయన పడుకున్నాక మళ్లీ వట్టివే. అదీ చెప్పాం."

"ఎవరికి?" అన్నాను.

"మాస్టారికి."

"ఆయనకి చెప్పడం చెప్పడమే? సగం వట్టివా? నా కుర్చీలో నేనుండగా?"

ఆడవాళ్లలో ఒక్కరూ నా మొహం వైపు చూడలేదు. అదీ నాకు తగిలిన దెబ్బ. ఆరోజు పట్టినవని తీసిన ట్రే చంకన పెట్టుకుని తిన్నగా కుజుమి వారింటికి నడిచాను. తిన్నగా అంటే, దారి వంకరగానే ఉంది.

మాస్టారు చాప మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. నేను ట్రే ఆయన పక్కన పెట్టి, "మీ పిల్లలు నామీద అబద్ధాలు చెబుతున్నారు. లేచి చూడండి" అన్నాను.

 ఆయన తమావోని టార్చిలైటు, తెల్ల గిన్నె తెమ్మన్నాడు. పడుకునే ఒక గుడ్డు ఏరి, టార్చికి ఆనించి నాకు చూపించాడు.

"ఏముంది షిగెనో గారూ?"

ఎడమకన్ను మూశాను. "చుక్క. బ్రహ్మాండంగా ఉంది."

గుడ్డు పగలగొట్టి గిన్నెలో వేశాడు. పచ్చసొన. అంతే. చుక్క లేదు, దారం లేదు.

"ఇంకోటి" అన్నాను. ఇంకోటి పగిలింది. అదీ పచ్చసొనే. "మాయ చేస్తున్నారు" అన్నాను. 

ఆయన తమావోతో గిన్నె కడిగించి, తుడిపించి, నా ముందు పెట్టించాడు. "ఎడమకన్ను తెరవకండి. ఇందులో?"

చూశాను. తెల్లటి గిన్నె మధ్యలో నల్లటి చుక్క, నిక్షేపంలా.

"పిల్ల ఉంది" అన్నాను. తర్వాత నోరు మూసుకున్నాను. కడిగిన గిన్నెలో పిల్ల ఎక్కణ్ణుంచి వస్తుంది?

అప్పుడు మాస్టారు తన జన్మలో మొదటిసారి ఒక కబురు అందించాడు.

"చుక్క మీ కంట్లో ఉంది షిగెనో గారూ. గుడ్డులో కాదు."

  ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నాకెప్పుడూ అదే ముందు వస్తుంది.

"ఎప్పటినుంచి తెలుసు మీకు?"

"మీరు గడియారం చూడ్డానికి తల పక్కకి వంచడం చూశాను. మార్చిలో."

"మార్చిలో! వాన గురించి అన్నిసార్లు చెప్పారే, కన్ను గురించి ఒక్కసారి చెప్పడానికి నోరు రాలేదా మీకు?"

"నోటిదాకా వచ్చేది. ప్రతిసారీ వచ్చేది. చెబితే మురోతా వింటాడు. కుర్చీ పోతుంది. పొద్దున్నే పరిశోధనశాలకి వెళ్లి వట్టివి నేనే ఏరేస్తే సరిపోతుందనుకున్నాను."

"ఏరి?"

ఆయన తమావో వైపు చూశాడు. తమావో నా ముందున్న గిన్నె వైపు చూసింది. దాన్ని పక్కకి తోసేసింది.

"అయితే ఇన్నాళ్లూ నాచేత వండించిన పరిశోధన ఇదా?" అంది. "షిగెనో గారికి కూడా పళ్లెం ఇచ్చానే!"

ఇచ్చింది. తిన్నాను. తీపి ఎక్కువైందని పేరు కూడా పెట్టాను.

"గుడ్లలో వట్టివి మీరు ఏరారు" అన్నాను. "నా కంట్లో పెరిగేదాన్ని ఎవరు ఏరతారు మాస్టారూ?"

  ఆయన చాప పట్టుకుని, గోడ పట్టుకుని, తమావోని పట్టుకుని లేచాడు. నడుము సగానికి వంగిపోయి ఉంది. అలాగే చెప్పులేసుకున్నాడు. ముగ్గురం ట్రామెక్కాం. లోకమంతా నాకు వంకరగా కనిపిస్తోంది కదా, మాస్టారు నిజంగానే వంగి ఉన్నాడని తమావో ఒట్టేసి చెబితే గానీ నేను నమ్మలేదు.

కంటి డాక్టరమ్మ చిన్నపిల్ల. నా కంటి లోపలిది ఫొటో తీసి గోడ మీద చూపించింది. "కంటి వెనకున్న తెర కింద కొత్త రక్తనాళాలు పెరిగాయండీ. పెరగకూడని చోట పెరిగి, కారుతున్నాయి. అందుకే గీతలు వంగుతున్నాయి, మధ్యలో మచ్చ కనబడుతోంది."

"ఎవరు పెరగమన్నారు వాటిని?"

"కబురందింది వాటికి" అని గొణిగాడు మాస్టారు.

డాక్టరమ్మ తలెత్తింది. "సరిగ్గా అదే. మందు ఉంది. కంట్లోకి సూదితో ఇస్తాం. కబురు అందుకునే గ్రాహకాలుంటాయి. వాటిలో పట్టుకునే ముక్కల్ని మాత్రం తీసి కలిపి ఈ మందు చేశారు. 'పెరగండి' అని వచ్చే కబురుని ఇది పట్టేసుకుంటుంది. ఎవరికీ చెప్పదు. మీకు వీటి గురించి తెలుసా అండీ?" అని మాస్టారిని అడిగింది.

"కొంచెం" అన్నాడు మాస్టారు.

నేలమాళిగలో దానితోనే జుట్టు నెరిసిన మనిషి కొంచెం అన్నాడు! మందు పెట్టె మీద ఎవరి పేరుందో చదవమని తమావోని అడిగాను. ఏదో కంపెనీ పేరట. ఇంకెవరి పేరూ లేదట. ఉండదు మరి. ఇలాంటి పెట్టెల మీద ఊరుకున్నవాళ్ల పేర్లు ఎవరు వేస్తారు?

నేను మాస్టారి వైపు తిరిగాను. ఎడమకన్ను మూస్తే ఆయన మొహం ఉండాల్సిన చోట మచ్చ ఉంది, చుట్టూ చెవులు మాత్రం ఉన్నాయి. ఆ మనిషికి అంత సరైన ఫొటో ఇంకెవరూ తీసి ఉండరు.

"అంటే" అన్నాను, "మిమ్మల్నే మెత్తగా నూరి నా కంట్లో పొడుస్తారన్నమాట."

డాక్టరమ్మ నవ్వింది. తమావో నవ్వింది. మాస్టారు కూడా నవ్వాడు. నవ్వితే నడుములో పట్టి, "అమ్మో" అన్నాడు. నేను ఆయన నోట విన్న రెండో కబురు అది.

సూది గురించి చెప్పను. కంట్లో సూది గురించి వినాలని ఎవరికి ఉంటుంది? కొన్నిసార్లు అయ్యాక గుమ్మం చాలావరకు నిటారుగా నిలబడింది. వడ్రంగికి ఆ సంగతి చెప్పలేదు. గడియారం ముళ్లు వచ్చాయి. మచ్చ పలచబడింది గానీ పోలేదు. "కొంచెం ముందు వచ్చి ఉంటే..." అని డాక్టరమ్మ ఆగిపోయింది. ఆవిడా ఒకింత మాస్టారి రకమే. ఆవిడ మింగేసిన ఆ మిగతా మాటకి నేను మాస్టారిని ఇంకా క్షమించలేదు. తొందరేముంది? ఆయన ఎక్కడికీ పోడు, నేనూ పోను.

కుర్చీ పోయింది. మురోతా కోడలు కూర్చుంటోంది. పెదాలకి రంగేసుకుని మరీ చీకటి గదిలో కూర్చుంటుంది, కోళ్లు చూస్తాయని కాబోలు. కుర్చీ పోయిందన్న కబురు నాకు మురోతాయే అందించాడు. పూర్తిగా, గట్టిగా, అందరి ముందూ.

ఆ శరత్కాలంలో మళ్లీ వీధి సమావేశం జరిగింది. ఈసారి అరుపుల్లేవు. మురోతాయే లేచి, కారు ఇంకా సబ్బు వాసన కొడుతోందనీ, తనకి ఈ పని వద్దనీ అన్నాడు. కుజుమి మాస్టారిని మళ్లీ పెద్దని చెయ్యాలన్నప్పుడు ఎత్తని చెయ్యి లేదు. ఎదురింటావిడ రెండు చేతులూ ఎత్తింది. మురుగుకాలువ రోజు మాత్రం ఎవరికి వారే గుర్తుపెట్టుకోవాలని తీర్మానం చేశాం.

మర్నాడు పొద్దున్నుంచీ మాస్టారి వసారా ముందు జనమే జనం. ఒక్కొక్కరు లోపలికెళ్లి, చెప్పుకుని, తేలికైన మొహంతో బయటికొస్తున్నారు. ఎదురింటావిడ నాకంటే ముందు వెళ్లింది. నా పరుపు గురించే అయ్యుంటుంది. బయటికి వస్తూ నన్ను చూసి నవ్వింది. నేనూ నవ్వాను. నా వంతు రాగానే ఆవిడ పాట గురించీ, మురోతా గొంతు గురించీ, వాడి కోడలి పెదాల గురించీ చెప్పాను. మాస్టారు తల ఊపాడు. తమావో ఇచ్చిన ఆమ్లెట్ పళ్లెం బాకీ తీరాలని చేపముద్ద వేయించి తెచ్చాను, అదీ ఇచ్చాను.

చెప్పులేసుకోబోతూ వెనక్కి తిరిగాను. ఇలాంటి మాటలు నాకు చేతకావు. అందుకని గుమ్మం కొయ్యతో చెప్పినట్టు చెప్పాను.

"కన్ను నిలబడింది మాస్టారూ. సగమైనా నిలబడింది. అది మీ వల్లే."

ఆయన తల ఊపాడు. నోరు తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు.

"వాన వచ్చేలా ఉంది" అన్నాడు.

ఆకాశంలో మబ్బు తునక లేదు. అది ఇప్పుడు నాకు రెండు కళ్లతోనూ కనిపిస్తోంది. కన్ను గురించి నేనన్న మాట ఆయనకే అందాల్సింది, ఆయనకే చెప్పాను. అయినా అది ఆయన దాకా చేరిందో లేదో మాత్రం నాకు ఇప్పటికీ అనుమానమే.